ఆకునకు వెల గలదు, అక్షరమునకు లేదా?

భద్రాచలము మన్యమున వేసవి వచ్చెననగా తునికాకు కోత వచ్చెనన్న మాట. 50 ఆకులు ఒక కట్ట. 1000 కట్టలు ఒక ప్రమాణపు సంచి. తెల్లవారక మునుపే అడవి చేరి, ఆకు కోసి, ఇల్లు చేర్చి, కట్ట కట్టి, కల్లమునకు కొనిపోవు కోయ స్త్రీకి తన కట్ట వెల యెంతయో తెలియును. నిరుడెంత యిచ్చిరో తెలియును. ఈ యేడు తగ్గించినచో కల్లము కడనే నిలిచి యడుగను దెలియును. ఆ సీమయందే కథలో, నవలయో, తన యూరి చరిత్రయో యేండ్ల తరబడి శ్రమించి వ్రాసి, ఈ-పుస్తకముగా తానే ప్రకటించుకొన్న గ్రంథకర్తను "మీ పుస్తకము వెల యెంత?" అని యడిగి చూడుడు. తల వంచుకొనును. "వెలదేమున్నదండీ, చదివిన చాలును" అనును. ఆకునకు వెల చెప్పగల సీమలో అక్షరమునకు వెల చెప్ప నోరు రాకుండుటకు హేతువేమి? ఈ ప్రశ్ననే నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మా మతమును మొదటనే చెప్పెదము. తన పుస్తకమును తానే ప్రకటించుకొను గ్రంథకర్త వెల పెట్టుట దురాశ కాదు. అది ఆతని హక్కు, అంతకంటె మిక్కిలి ఆతని ధర్మము. అయితే ఆ వెల న్యాయమైనదిగా నుండవలెను. కొనువానికి భారము కారాదు. వ్రాసినవానికి అవమానము కారాదు. "అమ్మబోయిన అడవి, కొనబోయిన కొరివి" యని మన పెద్దలన్న సామెత నేడు ఈ-పుస్తకముల విషయమున అక్షరాల నిజమగుచున్నది. వ్రాసినవాడు అమ్మబోవునప్పుడు దానికి విలువ లేదందురు. చదువువాడు కొనబోవునప్పుడు కొన్నిటి వెల కాగితపు పుస్తకముతో సమానముగా నుండును. ఈ రెండింటి నడుమ లాభపడు వారెవ్వరో చూడవలసియున్నది.

ఖమ్మము, భద్రాచలము అడవి సరిహద్దునందు ఈ ప్రశ్న తక్కిన చోట్ల కంటె తీవ్రముగా నుండుటకు కారణములు కలవు. గోదావరి యొడ్డున సారపాకలో 1979 నుండి కాగితపు మిల్లు పనిచేయుచున్నది. ఈ నేలపై పెరిగిన కలప కాగితమై దేశమంతటికిని పోవుచున్నది. కాని దుమ్ముగూడెమునందో, చర్లయందో నివసించు రచయితకు ఆ కాగితముపై తన పుస్తకము నచ్చు వేయించుకొను స్తోమత లేదు. అచ్చు వేయించినను అమ్మునదెక్కడ? ఖమ్మము దాటి విజయవాడకో, హైదరాబాదునకో పంపవలెను. అచ్చట పుస్తక విక్రేత తన తరుగు తీసికొనును. రవాణా ఖర్చు వేరు. అమ్ముడుపోని ప్రతులు తిరిగివచ్చి రచయిత యింట అటకపై చెదలకు ఆహారమగును. దీనికి తోడు 2014లో రాష్ట్ర విభజన జరిగి, చింతూరు, కూనవరము, వర రామచంద్రపురము మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమున చేరినవి. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. పట్టణ మొక రాష్ట్రమునను, దాని ప్రక్క పల్లెలు వేరొక రాష్ట్రమునను ఉన్నవి. ఒక గ్రంథాలయ సంస్థ కొన్న పుస్తకము ఏటి కావలి యూరి పఠనాలయమునకు అందదు. ఇట్టి చోట ఈ-పుస్తకము వరమే. దానికి అచ్చుకూలి లేదు, అటక లేదు, చెద లేదు, సరిహద్దు లేదు. ఒకసారి ఫోనులోనికి దిగినచో సంకేతము లేని అడవిలోనను తెరచుకొనును.

మఱియు వ్రాయబడుచున్న విషయమెట్టిది? పోలవరము జలాశయము వలన ఇక్కడి పల్లెలెన్నియో ముంపునకు గురియగునవి. ఆ యూళ్ల పేర్లు, వాగుల పేర్లు, కొలుపులు, పెండ్లి పాటలు, చెట్ల మందులు ఎరిగిన వృద్ధులు ఒక్కరొక్కరుగా తరలిపోవుచున్నారు. వాటిని వ్రాసియుంచువారు పెద్ద ప్రచురణాలయముల వారు కారు. ఆ పల్లెలలో పుట్టి చదువుకొన్న ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు. గోదావరి కొండలలోని రెడ్ల జీవనమును గూర్చి హైమెన్‌డార్ఫ్ పండితుడు 1945లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. ఆతని కృషికి మేము నమస్కరింతుము. కాని ఎనుబది యేండ్ల పిమ్మట ఆ కొండల బిడ్డలే తమ్మును గూర్చి తాము వ్రాసికొన మొదలిడినప్పుడు, వారి పుస్తకమును తేరగా నిమ్మనుట న్యాయమా? ఆంగ్ల గ్రంథమునకు అడిగినంత యిచ్చి కొనుదుము. మన యూరివాని పుస్తకమును ఫోనులో పంపుమందుము. పరాయివాని విద్యకు వెల, ఇంటివాని విద్యకు మెచ్చుకోలు! ఇది బానిసబుద్ధి కాక మరేమి?

ఇక ప్రతిపక్షుల వాదములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

"కాగితము లేదు, సిరా లేదు, బైండు లేదు, ఇక వెల దేనికి?" అనునది మొదటి వాదము. కాగితముతో పుస్తకమగుననుకొనువారే ఈ మాట యనగలరు. పుస్తకమునకు కాగితము వస్త్రము వంటిది. వస్త్రము మారిన మాత్రమున లోని మనిషి లేకపోవునా? ఈ-పుస్తకమునకును అచ్చుతప్పులు దిద్దువారు కావలెను, ముఖచిత్రము వేయువారు కావలెను, పుటలు కూర్చువారు కావలెను. తెలుగున మరియొక చిక్కు గలదు. యూనికోడ్ ప్రమాణమున 1991 నుండియే తెలుగు లిపికి స్థానమున్నను, మన అక్షరాల కూర్పుశాలలు చిరకాలము అను లిపులతోనే పేజీమేకరు నందు పని నడపినవి. ఆ ఫైలు అచ్చునకు పనికివచ్చును గాని ఫోను తెర కొలతను బట్టి పంక్తులు సర్దుకొను ఈ-పుస్తకమునకు పనికిరాదు. దానిని యూనికోడునకు మార్చవలెను. మార్చునప్పుడు వత్తులు ఊడును, గుడులు తారుమారగును. మరల మొదటినుండి తప్పులు దిద్దవలెను. ఈ కూలి యంతయు నెవ్వరిది? రచయితది. మఱి పుస్తకము వ్రాయుటకు పట్టిన కాలము మాట! దానిని లెక్కింపనే లేదు.

"భాషాసేవకు వెల కట్టుదురా?" అనునది రెండవ వాదము. ఇది వినుట కింపుగా నుండును. అందుచేతనే మిక్కిలి ప్రమాదకరము. మన భాషకు నిజముగా సేవ చేసినవారేమి చేసిరో చూతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున సొంత ముద్రాశాల పెట్టుకొని తమ గ్రంథములను, పత్రికను అచ్చువేసికొనిరి. నేటి స్వయంప్రచురణకు ఆయనయే గురువు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మున్నగువారు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమాలను స్థాపించి, చందాదారులను చేర్చుకొని, శాస్త్రములను చరిత్రములను సామాన్యులకందు వెలకు అందించిరి. వెల తగ్గించిరి గాని వెల తీసివేయలేదు. చందా కట్టినవాడు ఉద్యమమున భాగస్వామి యగునని వారెరుగుదురు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల నెలకొల్పిన వట్టికోట ఆళ్వారుస్వామి ఊరూర తిరిగి పుస్తకములమ్మెను. ఆయన కంటె దేశసేవకుడెవ్వడు? చెరసాల కేగిన ఆ మహనీయునకు పుస్తకము చేతికిచ్చి పైసలు పుచ్చుకొనుట చిన్నతనముగా తోచలేదు. నైజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరన్న నిందకు సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికతో సమాధానము చెప్పిరి. 354 మంది కవులు అందు నిలిచిరి. నిందకు సమాధానము పుస్తకము. పుస్తకమునకు ఆధారము దానిని కొన్న పాఠకుడు. సేవ యనుమాటను రచయిత మెడకు మాత్రమే తగిలించి, చదువరి చేతులు దులుపుకొనుట సేవ కాదు, వెట్టి. నైజాము కాలమున వెట్టికి వ్యతిరేకముగా ఆంధ్రమహాసభ వారు పోరాడిరి. మూడవ మహాసభ 1934లో ఈ ఖమ్మమునందే జరిగినది. అట్టి యూర అక్షరవెట్టిని సమర్థించుట తగునా?

మూడవ వాదము మా పఠనాలయపు మిత్రులది. "ఒక పత్రికను నూరుగురు చదువుట మన సంప్రదాయము గదా! ఒకడు కొన్న ఈ-పుస్తకమును నూరుగురకు పంపినచో తప్పేమి?" అందురు. ఈ ప్రశ్న న్యాయబుద్ధితో అడుగబడినది. కావున న్యాయముగా సమాధానము చెప్పవలెను. పఠనాలయమున ఒక ప్రతి ఒక ప్రతిగానే యుండును. ఒకరు చదువునప్పుడు రెండవవారు వేచియుందురు. ఆత్రము గలవాడు తానే కొనుక్కొనును. ఆ ప్రతి చిరిగినచో పఠనాలయము మరల కొనును. ఫోనునుండి పంపిన ఫైలు అట్లు కాదు. ఇచ్చినవాని కడ నున్నది యున్నట్లే యుండి, పుచ్చుకొన్న ప్రతివాని కడ క్రొత్త ప్రతి పుట్టును. ఒక్క సాయంకాలమున వేయి ప్రతులగును. అది ఎరువిచ్చుట కాదు, రచయిత యనుమతి లేక అచ్చువేయుట. పెద్ద ప్రచురణకర్త దానిని తట్టుకొనవచ్చును. మూడువందల ప్రతులు అమ్ముడైన పండుగ చేసికొను మన్యపు రచయితకు ఆ ఒక్క సాయంకాలమే చాలును, మరియొక పుస్తకము వ్రాయకుండుటకు.

ఇంతవరకు చదువరుల మాట. ఇక నడుమ నున్నవారి మాట. పూర్వము అడవి సంతలలో వర్తకులు ఉప్పు పోసి, దాని బదులు సారపప్పు కొలిపించుకొనెడివారని పెద్దలు చెప్పుదురు. ఉప్పు కావలసినదే, కాని సారపప్పు వెల గిరిజనునకు తెలియనంత కాలమే ఆ వర్తకము సాగినది. ఆ దోపిడిని అడ్డుటకే 1956లో గిరిజన సహకార సంస్థ యేర్పడినది. నేటి యంతర్జాలపు అంగళ్లలో రచయితకు పోయు ఉప్పు పేరు "ప్రచారము". "మా యంగడిలో నుంచుడు, లక్షలమంది చూతురు" అందురు. చూచిన లక్షలలో ఎందరు కొనిరో, కొన్న సొమ్ములో తన వాటా యెంతయో అడుగనేరని రచయిత ఉప్పు తీసికొని సారపప్పు పోయుచున్నాడు.

పేర్లు పెట్టియే చెప్పుదము. అమెజాను వారి కిండిల్ స్వయంప్రచురణ వేదికయందు రచయితకు రెండు వాటాలు: నూటికి 35, లేదా 70. 70 అనగానే మురిసిపోరాదు. భారతదేశపు విక్రయములపై ఆ వాటా దక్కవలెనన్న సెలెక్టు అను ఒప్పందమున చేరి, ఆ ఈ-పుస్తకమును మరెక్కడను అమ్మనని 90 దినములకు కట్టుబడవలెను. తన సొంత పుస్తకమును తన పొరుగువానికి ఈ-రూపమున అమ్ముకొన హక్కుండదు! అందు చేరిన పుస్తకమును చందాదారులు చదివినప్పుడు రచయితకు వచ్చునది, తాను పెట్టిన వెలలో భాగము కాదు. చదివిన పుటల లెక్కపై ఒక సామూహిక నిధినుండి పంచు సొమ్ము. వెల పెట్టితిననుకొన్న రచయిత వెల పెట్టనేలేదన్న మాట.

అంతకంటె మనసు కష్టపెట్టునది వేరొకటి కలదు. 2016 డిసెంబరున ఆ సంస్థ వారు ఐదు భారతీయ భాషల ఈ-పుస్తకములకు కిండిల్ ద్వారము తెరచిరి: హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము. తెలుగు అందు లేదు. 2011 జనగణనలో 8 కోట్ల 11 లక్షలమంది మాతృభాషగా చెప్పుకొన్న భాష, దేశమున నాలుగవ స్థానము నందుకొన్న భాష, ఆ గుమ్మము బయట నిలిచినది. మనకంటె తక్కువమంది మాటలాడు భాషలు లోనికేగినవి. వారిని నిందించి లాభమేమి? అమ్మువాడు కొనువారున్న చోటికి పోవును. తెలుగువాడు ఈ-పుస్తకమును పైకమిచ్చి కొనునని వర్తకునకు నమ్మకము కలిగింపలేకపోయితిమి. తేరగా చదువుట కలవాటుపడిన జాతికి అంగడిలో గౌరవముండదు.

మన ప్రయత్నములు లేకపోలేదు. 2010లో హైదరాబాదున వెలసిన కినిగె తెలుగు ఈ-పుస్తకములను అమ్ముటకును, అద్దెకిచ్చుటకును బాట వేసినది. పుస్తకమును కొనలేనివాడు కొలది వెలకు కొన్ని దినములు చదువుకొను ఆ అద్దె పద్ధతి పాతకాలపు అద్దెపుస్తకాల దుకాణమును ఎరిగిన తెలుగువారికి స్వభావసిద్ధమైనది. 2014లో బెంగుళూరున వెలసిన ప్రతిలిపి తెలుగున వేలకొలది క్రొత్త చేతులచే వ్రాయించినది. అందుల కది స్తుతిపాత్రమే. కాని తొలినాళ్ల ఉచితపఠనము మన చదువరులకు నేర్పిన పాఠమొకటి కలదు: కథ యనగా పైకము లేక దొరకునది యని. పిదప చందా పద్ధతి పెట్టినను, ఒకసారి నాటుకొన్న అలవాటు ఊడుట కష్టము.

దేవుడు వరమిచ్చినను పూజారి యీయడన్నట్లు, ప్రభుత్వపు పన్ను వేరొక అడ్డము. కాగితపు పుస్తకముపై వస్తుసేవల పన్ను లేదు. ఈ-పుస్తకముపై మొదట నూటికి 18 విధించిరి. 2018 జూలైలో దానిని 5నకు తగ్గించిరి. కాని అచ్చు ప్రతి గల ఈ-పుస్తకమునకే ఆ తగ్గింపు. అచ్చు ప్రతి లేనిదానికి 18 అట్లే నిలిచినది. ఈ న్యాయము చిత్రము గాదా? అచ్చు వేయించుకొనగల ధనికునకు 5. అచ్చునకు డబ్బు లేక ఈ-పుస్తకమునే నమ్ముకొన్న పేదవానికి 18! విద్యపై పన్ను వేయుటే తప్పు. పేదవాని విద్యపై ఎక్కువ వేయుట మరియు తప్పు.

ఇప్పుడు లెక్క చూతము. మాటలతో కడుపు నిండదు గనుక ఊహకు ఒక ఉదాహరణము తీసికొందము. ఒక నవలకు తప్పులు దిద్దుట, కూర్పు, ముఖచిత్రము కలిపి రచయిత 24,000 రూపాయలు వెచ్చించెననుకొనుడు. పన్నుతో కూడ వెల 100 రూపాయలు పెట్టెననుకొనుడు. నూటికి 18 వంతున పన్ను పోగా మిగులునది 84 రూపాయల 75 పైసలు. అందు నూటికి 35 వాటా యనగా రచయితకు 29 రూపాయల 66 పైసలు. పెట్టుబడి తిరిగి వచ్చుటకు 810 ప్రతులమ్మవలెను. 70 వాటా యైనచో 405 ప్రతులు. పాఠకునిపై దయతో వెల 49 రూపాయలు చేసి 35 వాటాకు ఒప్పుకొన్నచో, ప్రతికి 14 రూపాయల 53 పైసలు. 1652 ప్రతులమ్మిన గాని ఖర్చు రాదు. అదే రచయిత మధ్యవర్తి లేక నేరుగా అమ్మినచో 100 రూపాయలకు 240 ప్రతులతో ఒడ్డున పడును. యేటికి 20 లక్షల లోపు రాబడి గల చిన్నవానికి సాధారణముగా పన్ను నమోదు బెడదయు లేదు. ఈ లెక్కలో రచయిత కూలి ఒక్క రూపాయి యైనను లేదని మరువకుడు. వెల సగమునకు తగ్గించినచో అమ్మకము రెట్టింపైన చాలునని పలువురనుకొందురు. ఆ తగ్గింపు పాఠకునకు 51 రూపాయలు మిగిల్చునేమో గాని, రచయితకు పుస్తకమే మిగులకుండ చేయును.

ఇట్లనుట చేత రచయితలు ఎంత యడిగిన నంత న్యాయమని మేమనుట లేదు. అచ్చుపుస్తకము 200 రూపాయలైనచో ఈ-పుస్తకమును 200 రూపాయలకే యమ్ముదుమను వారును కలరు. అది అన్యాయము. కాగితపు పుస్తకము కొన్నవాడు దాని యజమాని. చదివి చెల్లెలికీయగలడు, పాత పుస్తకాలవానికి అమ్మగలడు, పఠనాలయమునకు దానము చేయగలడు. పెద్ద యంగళ్లలో ఈ-పుస్తకము కొన్నవానికి దక్కునది చదువుకొను అనుమతి మాత్రమే. 2009 జూలైలో అమెజాను వారు హక్కుల తగవు వలన జార్జి ఆర్వెల్ నవలలను కొన్నవారి కిండిళ్లనుండియే తొలగించిరి. పైకము తిరిగి యిచ్చిరనుకొనుడు. కాని కొన్న పుస్తకము రాత్రికి రాత్రి అలమరనుండి మాయమగుట కాగితపు లోకమున సాధ్యమా? తక్కువ హక్కు నిచ్చునప్పుడు తక్కువ వెల తీసికొనుటయే ధర్మము.

కావున న్యాయమైన వెలను గూర్చి మేము చెప్పునది యిది. అచ్చు ప్రతి యున్నచో ఈ-పుస్తకము వెల దానిలో సగమునకు మించరాదు, మూడవ వంతునకు తగ్గరాదు. అచ్చు ప్రతి లేనిచో అచ్చువేసిన ఎంతయగునో అంచనా కట్టి అదే సూత్రము పాటింపవలెను. మొదటి ప్రకరణము ఉచితముగా చదువనిచ్చి, నచ్చినచో కొనుడనవలెను. వంకాయను త్రిప్పి చూడనీయని వర్తకుని కడ ఎవ్వరు కొందురు? పెట్టిన వెలపై నిలువవలెను. నెలకొక తగ్గింపు ప్రకటించువాడు మొదట కొన్న పాఠకుని మోసగించినవాడగును. డాలసులోనో, లండనులోనో యున్న తెలుగువానికి అచ్చటి వెల వేరుగా పెట్టుట తప్పు కాదు. అచ్చటి రాబడి వేరు. చర్లలోని విద్యార్థికి 60 రూపాయలు ఎంతటి త్యాగమో, ప్రవాసికి ఐదు డాలర్లు అంతటి త్యాగము కాదు. అన్నిటికంటె ముఖ్యముగా పుస్తకపు రెండవ పుటయందు "ఈ వెలలో రచయితకు చేరునది ఇంత" అని స్పష్టముగా అచ్చువేయవలెను. లెక్క చెప్పిన వెలపై ఎవ్వరికిని అనుమానముండదు. భద్రాచల రామదాసంతటివాడు దేవుని గుడికే వెచ్చించినను లెక్క యడిగిరి. రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించిరని మన జనశ్రుతి. మన రచయితల అప్పు తీర్చుటకు ఏ రాముడును రాడు. లెక్కయే వారికి రక్ష.

ఒప్పందములపై చేవ్రాలు చేయునప్పుడును మెలకువ యుండవలెను. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము రచయిత పక్షమున నున్నది. హక్కును వ్రాతపూర్వకముగా గాక బదలాయించుట చెల్లదు. కాలపరిమితి వ్రాయనిచో అది ఐదేండ్లేయని 19వ సెక్షను చెప్పుచున్నది. ప్రదేశము వ్రాయనిచో భారతదేశమునకే పరిమితము. ఈ రక్షణ ఎట్లు పోవును? "శాశ్వతముగా, సమస్త ప్రపంచమున" అను రెండు మాటలపై చదువక చేవ్రాలు చేయుట చేత పోవును. వెల నిర్ణయించు హక్కును పరునకిచ్చినవాడు పుస్తకమును ఇచ్చివేసినట్లే. నేలకు పట్టా యెంత ముఖ్యమో మన్యపువారికి వేరుగ చెప్పనక్కరలేదు. అక్షరమునకును పట్టా కలదని మాత్రము జ్ఞప్తి చేయుచున్నాము.

మేము వెలను గూర్చి ఇంత చెప్పినను, వెలతో మాత్రమే నిలువలేని పుస్తకములు కలవని యెరుగుదుము. 2011 జనగణనలో కోయ మాతృభాషగా చెప్పినవారు సుమారు 4 లక్షలు. ఆ భాషలో తెలుగు లిపితో వచ్చు కథల పుస్తకమునకు కొనువారెందరుందురు? అట్టివానిని నిలుపుట సమాజపు విధి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మన యందరి యొద్దను వసూలగుచున్నది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఆ సొమ్ముతో అచ్చుపుస్తకములను కొనుచున్నట్లే, స్వయంప్రచురణ రచయితల ఈ-పుస్తకములను నేరుగా రచయిత కడనే, తగిన వెలకు కొనవలెను. ఇందు భద్రాద్రి కొత్తగూడెము, ఖమ్మము జిల్లాల వారును, ఆవలి యొడ్డున ఆంధ్రప్రదేశమువారును పోటీపడుదురు గాక! అచ్చు ప్రతి లేని ఈ-పుస్తకముపై పన్నును కేంద్రమువారు పూర్తిగా తొలగింపవలెను. ఈ రెండు కోరికలలో ఏదియు భిక్ష కాదు.

చివరగా మా చదువరులతో ఒక మాట. భద్రగిరిపై రాముని మొదట కనుగొని, పందిరి వేసి, పండ్లు నివేదించినది పోకల దమ్మక్క యను గిరిజన స్త్రీయని ఈ సీమవారు చెప్పుకొందురు. గోపురములు పిదప లేచినవి. గోపురములు కట్టినవారి పేర్లు చరిత్ర కెక్కినవి. మన భాషకు నేడు మన్యమున పందిళ్లు వేయువారు ఈ చిన్న రచయితలే. వారికి గోపురములక్కరలేదు, పందిరి వాసములకు సరిపడు వెల చాలును. "వెలలేనిది" యను మాటకు మన భాషలో రెండర్థములు కలవు: వెల కట్టలేనంత గొప్పది యని యొకటి, వెల పలుకనిది యని యొకటి. తెలుగు పుస్తకము ఈ రెంటిలో ఏ యర్థమున వెలలేనిది కావలెనో నిర్ణయించువారు మీరే. యు.పి.ఐ. వచ్చిన 2016 నుండి పది రూపాయలు పంపుటకైనను క్షణము చాలును. పోస్టాఫీసునకు పోయి మనియార్డరు వ్రాయ పని లేదు. ఎవరైన మీ ఫోనునకు ఒక తెలుగు పుస్తకపు ఫైలును తేరగా పంపినచో, తెరచుటకు ముందు దాని రచయిత యెవ్వరో విచారింపుడు; వెల యెంతయో అడుగుడు; ఇచ్చి చదువుడు. బాగుగ లేకున్నచో బాగుగ లేదని ధైర్యముగా చెప్పుడు; వెల యిచ్చినవానికే ఆ హక్కు కలదు. రచయితలారా, మీరును తల యెత్తి వెల చెప్పుడు. సిగ్గుపడవలసినది శ్రమకు వెల యడిగినవాడు కాడు, ఎగవేసినవాడు.